ఇరవై నాలుగు సెకన్లు

కౌనస్‌లో డిసెంబరు. నాలుగింటికే చీకటి.
ట్రాలీబస్సు డిపోలో అప్పజెప్పి
మంచు తొక్కుకుంటూ వచ్చి మూడో అంతస్తు ఎక్కుతాను.
కుడి మోకాలు ప్రతి మెట్టునీ లెక్కపెడుతుంది.
పంతొమ్మిదో ఏట చీలిన మోకాలు,
నాకన్నా జ్ఞాపకం ఎక్కువ దానికి.

వెల్లుల్లి రాసి వేయించిన రై రొట్టె పళ్లెంలో,
కంట్రోలర్ ఒళ్లో.
మా అక్క కూతురు స్కైస్తె అంటుంది:
"ఇట్లా ఆడితే ఎప్పటికి గెలుస్తావు, పిన్నీ?"

ఇట్లా అంటే,
రొప్పుతున్న సెంటర్‌ని బెంచీ మీద కూర్చోబెడతాను.
పెద్దవాడు వచ్చి భుజం అడ్డంపెట్టేదాకా ఆగుతాను,
ఆ భుజం చాటునుంచి గార్డు జారుకుంటాడు.
మూడు పాసులు, నాలుగు పాసులు,
సందు దొరికితే సరే,
దొరక్కపోతే మళ్లీ మొదటికి.

తొండి తెలియక కాదు.
ఎడమ మూలన, గీతకి అరడుగు ఇవతల ఒక చోటుంది.
అక్కడ వెనక్కి ఒక్క అడుగేసి విసిరితే
కళ్లకి గంతలు కట్టినా పడుతుంది.
ఆట తయారుచేసినవాళ్ల నిద్రమత్తు అది.
లోకమంతా వెళ్లి ఆ మూలనే కాపురం పెట్టింది:
ఆటంతా ఒకే మనిషి, ఒకే అడుగు.
ఓడుతున్నామనగానే తీగ పీకి పారిపోయేవాళ్లు వేరే.

"కంప్యూటరే ఒప్పుకుంటుంటే తొండి ఎలా అవుతుంది?"
రొట్టె ముక్క దానివైపు జరిపాను.
జవాబు తట్టలేదు, నిజం చెప్పాలంటే.
టికెట్ మిషను పాడైన రోజుల్లో
చిల్లర నా అరచేతిలో పెట్టి దిగిపోయే ముసలాయన ఒకడున్నాడు,
ఆయన్నడగాలి.

నిన్న ఎదురైనవాడి పేరు 'బోర్లించిన బకెట్'.
దావావ్ నుంచి. అక్కడ అర్ధరాత్రి.
వాడు జోన్ కట్టాడు, నేను నడుమ నుంచి విప్పాను.
వాడు మనిషికి మనిషిని పెట్టాడు, నేను మనుషుల్ని మార్చాను.
ఎన్నాళ్లయిందో ఎవరితోనైనా అంతసేపు మాట్లాడి.

యాభై ఒకటి, యాభై ఒకటి. రెండు నిమిషాల పది సెకన్లు.
వాడి అయిదుగురూ నిలబడిపోయారు
ఆఖరి బస్సు వెళ్లిపోయిందని ఇంకా తెలియనివాళ్లలా.

బంతి నాది. రింగు దాకా ఖాళీ రోడ్డు.
"వెయ్యి, పిన్నీ!"
వేలు బటన్ మీదే ఉంది.

ఇరవై నాలుగు. ఇరవై మూడు.
బంతిని నేలకి కొట్టిస్తూ నిలబడ్డాను.
విజిల్. బంతి వాళ్లది.
వాళ్ల చేతుల్లో ఎనిమిది సెకన్లు చచ్చాయి. విజిల్. బంతి నాది.
మళ్లీ ఇరవై నాలుగు. మళ్లీ ఎనిమిది.
"బొమ్మలే కదా, జాలెందుకు?"

మోకాలు చీలి నేను నేల మీదుంటే
నన్ను దాటుకెళ్లి లేఅప్ వేసింది పనెవెజిస్ అమ్మాయి.
విజిల్ మోగలేదు. రెండు పాయింట్లు.
రూలు ప్రకారం తప్పేం లేదు.
స్కైస్తెకి ఇది చెప్పలేదు.

ఒక నిమిషం ఆరు సెకన్ల దగ్గర
వాళ్ల గార్డు ఉలిక్కిపడి కదిలాడు.
తెర మూలన ఒక వాక్యం:
"మిషన్లో వేసిన నాణెం అయిపోయింది. కొట్టావిడ దగ్గర అప్పు చేశా."
స్కోరు చూసుంటాడు. తర్వాత ఇంకేమీ రాయలేదు.

నేను రెండు వేశాను.
వాడు తొందరపడలేదు.
బంతి బయటికి, లోపలికి, మళ్లీ బయటికి,
మా వాళ్లు కాలు కాలిన పిల్లుల్లా పరిగెత్తారు,
ఎడమ మూలన ఒకడు ఒంటరిగా మిగిలాడు.
వెనక్కి అడుగు వెయ్యలేదు. రెండు పాదాలూ నేలకి ఆన్చి లేచాడు.
యాభై నాలుగు, యాభై మూడు.

"ఆ మూలే! తొండి!" అని లేచింది స్కైస్తె.
"పాసులు లెక్కపెట్టావా?" అన్నాను.
లెక్కపెట్టలేదు. మళ్లీ వేయించి చూసింది,
వేళ్లు ముడుస్తూ.

పొద్దున అయిదింటికి మొదటి బస్సు నాదే.
మలాము రాసుకుని దీపం ఆర్పాను.
దుప్పటి కింద మోకాలు ఇంకా ఎగురుతూనే ఉంది
ఆ చేతికి అడ్డంగా,
ఒక్క క్షణం ఆలస్యంగా.